బిళ్ళకు తగిన ఒర

వర్షాకాలము వెళ్ళిన తరువాత, కాకినాడలోనో బందరులోనో విశాఖపట్టణములోనో, ఒక తపాలాబిళ్ళల సంగ్రాహకుడు తన బీరువా తెరచి మూడు నెలలుగా ముట్టని ఆల్బమును బయటకు తీయబోవును. అది ఒర నుండి కదలదు. రెండు చేతులతో పట్టి లాగిన మీదట ఒక్కసారిగా ఊడివచ్చును. అట్ట చేతికి జిడ్డుగా తగులును. లోపలి ఆకులు ఒకదానినొకటి విడువవు. రింగుల చుట్టును తుప్పు మరక కాగితములోనికి పాకియుండును. వెనుకనున్న జిగురు ఏమాత్రమును చెడని బిళ్ళలనే ఏరి కొనుటకై అతడేండ్ల తరబడి పడిన శ్రమ యంతయు, ఆ జిగురు కారణముననే, ఆకునకు అతుక్కొని పోయియుండును. సముద్రతీరపు ఊళ్ళలో ఈ అభిరుచి గలవారికిది క్రొత్త కథ కాదు. విశేషమేమనగా, ఆ సంగ్రహములో ఏ ఒక్క బిళ్ళకును పెట్టనంత వెల అతడు ఆ ఆల్బమునకు పెట్టియుండును.

బిళ్ళను కొనునప్పుడు సంగ్రాహకుడు చూపు జాగరూకత ఆశ్చర్యకరమైనది. భూతద్దము పట్టి అంచుపండ్లను లెక్కించును. కాగితములోని నీటిగుర్తును వెలుగున కెదురుగా నుంచి చూచును. ఒక్క రంగులోని ఛాయాభేదమునకై కేటలాగులు తిరుగవేయును. వర్తకుని మాటను తేలికగా నమ్మడు. అట్టివాడు ఆ బిళ్ళలకు ఇల్లు అమర్చవలసి వచ్చినప్పుడు మాత్రము పావుగంటలో తేల్చివేయును. ఎఱ్ఱనిదా, నీలిదా, వీపుపై బంగారు గీతలున్నవా, వరుసగా నిలిపిన చూడముచ్చటగా నుండునా అని విచారించుటతో పరీక్ష ముగియును. రింగు బైండరును, దానిని దూర్చు స్లిప్‌కేసును – తెలుగున దానిని ఒర యనుటయే సహజము – అలంకార సామగ్రిగా భావించుటయే ఈ అనర్థమునకు మూలము. సంగ్రహము బ్రతుకుటయు నశించుటయు చాలవరకు ఆ రెండింటి యెంపికపైననే ఆధారపడియున్నవి. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు: సంగ్రాహకుని ఆలోచన ఏ దారిని నడువవలెనో కూడ ఆ యెంపికయే నిర్ణయించును.

దీనికి పూర్వచరిత్ర లేకపోలేదు. ఇంగ్లండున పెన్నీ బ్లాకు వెలువడినది 1840 మే నెలలో. ఇరువది రెండేండ్లకు, 1862లో, పారిస్ నగరమున జస్టిన్ లాలియే అను నతడు బిళ్ళలకై ఒక ముద్రిత ఆల్బమును ప్రకటించెను. ప్రతి బిళ్ళకు ఒక గడి ఏర్పరుపబడెను. గడులు ఇరుకైనవి, బిళ్ళలన్నియు వానిలో పట్టవు. గడిని లెక్కచేయక ప్రక్క నున్న చోట అంటించుకొనవచ్చును గదా యని నేటివారనుకొందురు. ఆనాటివారిలో పెక్కురకు ఆ ధైర్యము చాలలేదు. కత్తెర తీసికొని గడికి సరిపడునట్లు బిళ్ళల అంచులనే కత్తిరించి వేసిరి. చెప్పు ఇరుకైనదని కాలు చెక్కుకొనుట వంటి పని. తరువాతి తరములవారు ఎంత వెలకైనను కొన సిద్ధపడదగిన బిళ్ళలు అట్లు అంచులు పోగొట్టుకొని మిగిలినవి. బిళ్ళలను కాపాడుటకు పుట్టిన మొదటి ఆల్బములే బిళ్ళలకు మొదటి శత్రువులైనవన్నమాట.

నేడు కత్తెర పట్టువాడెవడును లేడు. కాని గడి యాజ్ఞ తప్పలేదు. ముద్రిత ఆల్బమును ముందుంచుకొన్నవాడు సంగ్రాహకుడుగా మొదలై, కొలదికాలములో పరీక్షపత్రమునందలి ఖాళీలు పూరించు విద్యార్థిగా మారును. ఏ బిళ్ళ ఏ పుటలో నుండవలెనో, దేని తరువాత ఏది రావలెనో, ఏది లెక్కకు వచ్చునో, ఏది రాదో – అంతయు ఆల్బము అచ్చువేసిన సంస్థవారే నిర్ణయించి యుంచినారు. ఖాళీగా మిగిలిన గడి అతనిని నిద్రపోనీయదు. ఆ గడిలోని బిళ్ళపై అతనికి ప్రేమ యుండనక్కరలేదు. గడి ఖాళీగా నున్నదన్న బాధ చాలును. వర్తకులకు అంతకంటె కావలసిన దేమున్నది?

తెలుగువాడైన సంగ్రాహకుని సంగతి తీసికొనుడు. అతనికి త్యాగరాజస్వామి బిళ్ళ కలదు. అది 1961లో వచ్చినది. వీరేశలింగము పంతులుగారిది 1974లోను, అల్లూరి సీతారామరాజుది 1986లోను వెలువడినవి. ఈ మూడింటిని ఒక్క చోట నుంచి, వాని క్రింద రెండు పంక్తులు తన చేతివ్రాతతో వ్రాసికొనవలెనని అతనికి తోచుట సహజము. ముద్రిత ఆల్బములో అది పొసగదు. సంవత్సరముల వరుసలో ఒకటి ఇక్కడ, ఒకటి ఎక్కడనో! నిజాము రాజ్యపు బిళ్ళల విషయము ఇంకను స్పష్టము. 1869లో మొదలైన ఆ బిళ్ళల పరంపరలో ఉర్దూ, ఆంగ్లము, మరాఠీలతో పాటు తెలుగు అక్షరములును కనిపించును. 1931 నాటి వరుసలో చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగరు, అజంతా గుహల ముఖద్వారము ఒకదాని వెంట ఒకటి దర్శనమిచ్చును. ప్రపంచపు ఆల్బములలో వీనికి దొరకునది భారతదేశపు పుటల చివర, సంస్థానముల జాబితాలో, చిన్న చిన్న గడుల వరుస మాత్రమే. ఆ బిళ్ళలపై తెలుగు లిపి ఎట్లు మారుచు వచ్చినదో చూపదలచినవానికి, ఒక్కొక్క బిళ్ళ క్రింద అక్షరమును పెద్దదిగా వ్రాసి చూపుటకు చోటు కావలెను. ఆ చోటు తెల్లని ఆకుపైననే దొరకును.

ఇంత చెప్పినను ముద్రిత ఆల్బమునకు న్యాయము చేయవలసియున్నది. పదేండ్ల బాలునకు తెల్ల ఆకు నిచ్చిన దిక్కుతోచదు. గడి క్రింద నున్న పేరు చదివి, ఆ దేశమెక్కడ నున్నదో పటములో వెదకి, అట్లు భూగోళము నేర్చినవారు తెలుగునాట నెందరో కలరు. బడిలో పాఠముగా చదివినది మరచినవారును ఆల్బములో చూచిన దేశమును మరువరు. ఆల్బము గురువై నేర్పుచున్నంత కాలము దాని మాట వినవలసినదే. ఏండ్లు వచ్చిన తరువాతను గురువు ప్రక్కనే కూర్చుండి వ్రేలు పట్టి వ్రాయించుచున్న ఎట్లుండునో, పెద్దవాని చేతిలోని ముద్రిత ఆల్బము అట్లుండును.

కావున విడి ఆకులు, వానిని పట్టియుంచు రింగులు – ఇదియే ఎదిగిన సంగ్రాహకునకు తగిన పద్ధతి. ఇది విదేశపు వింత యని తెలుగువారు అనుకొననక్కరలేదు. తాటియాకు గ్రంథము చూచినవారికి దీని సూత్రము పాతదే. ఆకులన్నిటికి ఒకే తావున రంధ్రము, రంధ్రములో త్రాడు, పైనను క్రిందను చెక్కపలకలు, పైన గుడ్డ మూట: తంజావూరు సరస్వతీమహలులో తెలుగు గ్రంథములెన్నో అట్లే తరములు గడచి వచ్చినవి. ఒక ఆకు చెడినచో దానిని మాత్రమే తిరిగి వ్రాసి చేర్చుకొనవచ్చును. గ్రంథమంతయు విప్పి కుట్టనక్కరలేదు. జర్మనీలో ఫ్రీడ్రిక్ సొన్నెకెన్ 1886లో కాగితములకు రంధ్రములు పొడుచు సాధనమునకు పేటెంటు పొంది, రింగుల దస్త్రమును వ్యాప్తికి తెచ్చినప్పుడు త్రాటి స్థానమున లోహము వచ్చినది, అంతే. అయితే ఒక్క భేదమును మరువరాదు. తాటియాకు వంకర పోకుండుటకు త్రాటితో గట్టిగా బిగించి కట్టిరి. తపాలాబిళ్ళకు ఆ బిగింపు పనికిరాదు. దాని వెనుక జిగురున్నది. తేమలో ఒత్తిడి తగిలిన జిగురు తన పని తాను చేయును.

ఇక రింగుల మాట. గుండ్రని రింగులు చూపునకు ముద్దుగా నుండును గాని, ఆకులు వానిపై నిలకడగా నుండవు. ఒకటి ముందుకు ఒకటి వెనుకకు జరుగుచు, త్రిప్పినప్పుడెల్ల అంచులు రాచుకొనును. ఒక ప్రక్క చదునుగా, ఆంగ్లలిపిలోని 'డి' అక్షరమువలె నుండు రింగులు మేలు; ఆకులు చదును ప్రక్కను ఆనుకొని ఒక్క వరుసలో నిలుచును. ఆ రింగుల పట్టీ బైండరు వీపునకు గాక వెనుక అట్టకు బిగింపబడియుండవలెను. కొనుటకు ముందు రింగును మూసి, కలిసిన చోట ఒక సన్నని దారమును జార్చి చూచుట మంచిది. దారము చిక్కుకొన్నచో ప్రతి ఆకును అక్కడ చిక్కుకొనును. ఇంగ్లండులో చిరకాలము ఆదరింపబడిన స్ప్రింగు బైండర్లలో రంధ్రముల పని లేదు; స్ప్రింగే ఆకులను అంచున కరచిపట్టును. ఆ పద్ధతిలో కాగితము చిరుగదు. కాని పుస్తకము బల్లపై చదునుగా పరచుకొనదు. ఒక ఆకు మార్చవలెనన్న అట్టలను వెనుకకు విరిచి పట్టుకొనవలెను. అప్పుడు ఆకులన్నియు ఒక్కమాటుగా వదులగును. ఫ్యాను క్రింద అట్టి సాహసము చేసినవాడు రెండవసారి చేయడు.

రంధ్రముల దూరము మిక్కిలి సామాన్యమైన విషయముగా తోచును. దూరదృష్టితో చూచిన అన్నిటికంటె ముఖ్యమైనది అదియే కావచ్చును. కొన్ని విదేశీ సంస్థల బైండర్లకు 13 రింగులు, కొన్నిటికి 18, కొన్నిటికి 22. రింగులు ఎక్కువైన కొలది బరువు పంచుకొనబడి ఆకు చిరుగదు. ఆ మాట నిజము. కాని అట్టి బైండరు కొన్నవాడు జీవితాంతము ఆ సంస్థ ఆకులే కొనుటకు సంతకము చేసినట్లే. సంస్థ మూతపడవచ్చును, నమూనా మార్చవచ్చును, దిగుమతి నిలిచిపోవచ్చును. అప్పుడు సగము నిండిన బైండరు అనాథయగును. అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము రెండు రంధ్రముల మధ్య దూరము 80 మిల్లీమీటర్లు. నాలుగు రంధ్రములైనను అదే యెడము. 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు గల ఏ-4 ఆకు ఏ ఊరనైనను దొరకును. ఆ కొలతకు నాలుగు రింగుల బైండరు తీసికొన్నచో ఇరువదియేండ్ల తరువాత కూడ కొత్త ఆకుకై ఎవరిని ప్రార్థింపనక్కరలేదు. ప్రదర్శనలలోని ఫ్రేములు సాధారణముగా 16 ఆకులు పట్టునవి. ఏ-4 ఆకులపై అమర్చినవాడు రింగులు తెరచి ఆకులు తీసి నేరుగా అక్కడ పెట్టవచ్చును.

లోహము విషయమై తీరవాసులు రెండింతలు జాగ్రత్త వహింపవలెను. పైపూత చౌకబారుదైనచో ఉప్పుగాలికి రెండేండ్లలో పొక్కులు లేచి, లోని ఇనుము తుప్పు పట్టును. తుప్పు రంధ్రముల వద్ద ఆగదు. తేమ గల కాగితములో నడచి వచ్చును. అనంతపురము, కర్నూలు ప్రాంతములవారికి ఈ బాధ తక్కువ. వారికి ఎండ ఎక్కువ.

దుకాణములో బైండరు తెరచి ముక్కు దగ్గర నుంచుకొని చూచువాడు తెలివైనవాడు. కొత్త వానకోటు వాసన వచ్చినదా, దానిని అక్కడే వదలివేయవలెను. ఆ వాసన పి.వి.సి. అను ప్లాస్టికును మెత్తపరచుటకు కలిపిన ద్రవ్యములది. కాలక్రమమున అవి పైకి ఊరి వచ్చి, ఎదుట నున్న బిళ్ళ రంగును తినివేయును. కాగితమునకు జిడ్డు పట్టించును. తోలువలె మెత్తగా, ఉబ్బుగా కనిపించు అట్టలలో పెక్కు ఈ జాతివే. లోపల బిళ్ళలు దూర్చు పారదర్శకపు జేబులలోనైతే ప్రమాదము మరింత దగ్గర. పాలిస్టరుతోనో పాలీప్రొపిలీనుతోనో పాలిస్టైరీనుతోనో చేసినవి ఈ దోషము లేనివి. పురుగుల భయమున కలరాయుండలు వేయు అలవాటు తెలుగిండ్లలో చిరకాలముగా నున్నది. పట్టుచీరల మధ్య అవి ఏమి మేలు చేయునో గాని, ఆల్బముల మధ్య పనికిరావు. నాఫ్తలీను ఆవిరి పాలిస్టైరీనును మెత్తబరచును. తాళపత్రముల నడుమ వసకొమ్ము, వేపాకు ఉంచిన పూర్వులు ఈ విషయమున ఇంకను వివేకవంతులనిపింతురు. వేపాకైనను ఎండినది, బీరువా మూలలో, ఆకులకు తగులకుండ ఉంచినంత వరకే.

బైండరులో ఎన్ని ఆకులు పట్టును అను ప్రశ్నకు వర్తకుడు చెప్పు సమాధానము ఖాళీ ఆకుల లెక్క. బిళ్ళలు, వాని మౌంట్లు చేరిన తరువాత ఆకు ఆకు కాదు. రింగుల వైపు పలుచగాను, నడుమ మందముగాను ఏర్పడి, బైండరు నోరు తెరచుకొన్న చేపవలె వెలుపలి అంచున ఉబ్బును. 2011లో వచ్చిన ఖద్దరు గుడ్డపై అచ్చైన గాంధీజీ బిళ్ళ వంటివి, 2006 నాటి చందనపు వాసన గల బిళ్ళతో మొదలైన సుగంధపు బిళ్ళల చిన్న పత్రములు, తొలినాటి కవర్లు చేర్చినచో చెప్పనేల? అరువది ఆకులు పట్టునన్న బైండరులో నలుబది దాటనీయక, మిగిలిన చోటును గాలికి విడిచినవాడు నష్టపోడు. నిండుగా కుక్కిన బైండరును చూచి మురియుట పిసినారి ధాన్యపుగాదెను చూచి మురియుట వంటిది. ముక్కిన గింజ అడుగున నుండును.

ఇక ఒర. దీనిపై అభిప్రాయములు రెండుగా చీలియున్నవి. గ్రంథాలయములలో పుస్తకముల సంరక్షణ చేయువారికి స్లిప్‌కేసన్న పడదు. లోనికి తోసినప్పుడును బయటకు లాగినప్పుడును పుస్తకపు అట్టలు ఒరసికొని చెడునని వారి ఆక్షేపణ. పుస్తకము విషయమున అది సరియైన మాట. అక్కడ అట్టయు పుస్తకములో భాగమే. బిళ్ళల బైండరు సంగతి వేరు. అట్ట గీసికొని పోయినచో అట్ట మార్చుకొనవచ్చును. లోపలివారికి నష్టము లేదు. రెండవ పక్షము వారు ఒర లేని ఆల్బమును బట్టలేని మనిషి వలె చూతురు. వారి దృష్టి యంతయు బీరువా వరుసపైననే.

ఒర చేయు అసలు మేలు ఈ యిరువురి మాటలలోను కనిపించదు. ఆల్బమును నిలువుగా నుంచవలెను. పడుకోబెట్టి ఒకదానిపై నొకటి పేర్చరాదు. పై బరువంతయు క్రింది బిళ్ళల జిగురుపై పడును. కాని రింగు బైండరును ఒంటరిగా నిలిపినచో, దాని అట్టలు విచ్చుకొని, ఆకులు బరువునకు క్రిందికి వ్రేలాడి, రంధ్రముల వద్ద చిరుగును. అట్టలను రెండు ప్రక్కల పట్టి నిలువుగా నుంచునది ఒర. దుమ్మును, వెలుగును మూడు దిక్కుల అడ్డగించుట దాని రెండవ పని. అందము మూడవది, ఉన్న మంచిదే.

అయితే ఆ పట్టుకొనుట ఎంత గట్టిగా ఉండవలెను? ఇచ్చటనే చలిదేశపు సలహా తీరాంధ్రమునకు కీడు చేయును. యూరపులో అచ్చైన ప్రకటనలన్నియు ఒర బైండరును చేతితొడుగువలె హత్తుకొని యుండవలెనని చెప్పును. అక్కడి చలికాలపు గదులు పొయ్యి వేడికి పొడిగా నుండును. బిగువైన ఒర లోపల ధూళి చేరదు. తీరాంధ్రమున శ్రావణ భాద్రపదములలో గాలిలోని తేమ మిక్కిలి ఎక్కువగా నుండును. బిళ్ళల కాగితము కోరునది నూటికి ఏబది ప్రాంతము. ఆ తేమ ఒరలోనికి మెల్లగా చేరును, మెల్లగానే వెళ్ళును; ఎండ కాచిన నాలుగు దినములు గది ఆరినను ఒర లోపల ఆరదు. దానికి తోడు ఇరు ప్రక్కల నుండి ఒత్తిడి. తేమ, ఒత్తిడి, జిగురు మూడును కూడిన చోట ఏమి జరుగునో మొదటనే చెప్పబడినది. జిగురు లేని పాత బిళ్ళలపైనను తేమ వలన పుట్టు గోధుమరంగు చుక్కలు ఈ బిగువు ఒరలలోనే ఎక్కువగా పుట్టును. సిలికాజెల్ పొట్లములు వేసినవారు తమ బాధ్యత తీరినదనుకొందురు. ఒక ప్రక్క తెరచియున్న పెట్టెలో ఆ పొట్లము ఊరి తేమనంతయు పీల్చబోయి రెండు దినములలో అలసిపోవును. వేడిచేసి ఆరబెట్టినగాని మరల పనిచేయదు.

ఒరకు బైండరుకు నడుమ ప్రతి ప్రక్కను రెండు మూడు మిల్లీమీటర్ల ఎడమున్నచో చాలును. బైండరు తనంత తాను జారిపడనంత బిగువు, ఒక చేతితో తీయగలిగినంత వదులు. నోటి వద్ద రెండు అంచులలోను బొటనవ్రేలు పట్టునంత అర్ధచంద్రాకారపు గాడి యుండవలెను. ఆ గాడి లేనిచో బైండరును వీపు పట్టి లాగుదురు, వీపు ఊడును. ఒరలో బైండరును వీపు లోనికి పెట్టవలెనా బయటికి పెట్టవలెనా యని వాదులాడుకొనువారు కలరు. వీపు బయటికే యుండవలెను. ఆకుల అంచులకు వెలుగు తగిలిన అవి పసుపు పడును, వీపు రంగు వెలిసిన వెలియనిండు.

విదేశపు సంస్థలు బైండరును, ఒరను జంటగా అమ్మును. ఆ జంటను విడదీయుటయే మేలని తోచుచున్నది. ఖాళీ బైండరు మందమునకు కొలిచి చేసిన ఒరలో నిండిన బైండరు ఇముడదు, ఇమిడ్చినచో నలుగును. బైండరును ముందు కొని, రెండు వంతులు నిండిన తరువాత ఒర చేయించుకొనుటయే యుక్తము. అందులకు ఏ విదేశమునకును వ్రాయనక్కరలేదు. కోర్టు దస్త్రములకును, గ్రంథాలయ పుస్తకములకును బైండు కట్టు పనివాడు తెలుగునాట పట్టణములలో ఇంకను కనిపించును. గట్టి అట్టపై కాలికో గుడ్డ అంటించి అతడు చేసి యిచ్చు ఒర, పెట్టెలో వచ్చిన మెరుపు ఒరకంటె ఎక్కువ కాలము నిలుచును. రెండు సంగతులు మాత్రము అతనితో ముందుగా చెప్పవలెను. మైదా పేస్టు బొద్దింకలకు విందు. అందుచేతనే పాత పనివారు అందులో మైలుతుత్తము కలుపుదురు. ఆ తుత్తపు జిగురు గుడ్డ క్రిందనే యుండవలెను. ఒర లోపలి ముఖమున మంచి తెల్ల కాగితము, ఆమ్లము లేనిది, వేరుగా అంటింపవలెను. పసుపుపచ్చని గడ్డి అట్ట నేరుగా బైండరునకు తగులరాదు.

అందమును ఇంత తక్కువ చేయుట రసికత కాదని కొందరాక్షేపింపవచ్చును. ఐదవ జార్జి చక్రవర్తి బిళ్ళల సంగ్రహము 328 ఎఱ్ఱ ఆల్బములలో నున్నది. ఒక్కొక్క దానిలో 60 ఆకుల వరకు కలవు. ఆరవ జార్జి కాలపు బిళ్ళలకు నీలము, రెండవ ఎలిజబెత్తు కాలపు వానికి ఆకుపచ్చ. రంగుల వలన కలుగు వైభవము చక్రవర్తి సంగ్రహములో నున్నప్పుడు సామాన్యుని సంగ్రహములో ఏల యుండరాదు? ఉండవచ్చును. కాని ఆ రంగులు చేయుచున్న పనిని గుర్తింపవలెను: బీరువా ముందు నిలుచున్నవాడు వీపు చూడగానే ఏ రాజు కాలపు బిళ్ళలో తెలిసికొనును. అక్కడ రంగు ఒక సూచిక. సామాన్యుడు అన్నిటికి ఒకే ఎరుపు కొని, వీపుపై చీటీ అంటించుట అందమునకు భంగమని మానును. ఏ బైండరులో ఏమున్నదో అతనికొక్కనికే తెలియును.

ఆ ఒక్కడు లేని నాటి సంగతియు ఆలోచింపవలసినదే. బిళ్ళల సంగ్రహములు పెక్కు సంగ్రాహకుని తరువాత ఒక్క తరము నిలువవు. కుమారునకు అభిరుచి లేకపోవచ్చును. కోడలికి బీరువాలో చోటు కావలసి రావచ్చును. ఆనాడు ఆ యింటివారు ఒర నుండి బైండరు తీసినప్పుడు, అది సుఖముగా బయటికి వచ్చి, మొదటి ఆకుననే ఇందులో ఏమున్నదో, ఏది ఎక్కడ కొన్నదో, ఎంతకు కొన్నదో తెలుగులో వ్రాసి కనిపించినచో, ఆ సంగ్రహమునకు ఇంకొక అవకాశము దొరకును. 1948 ఆగస్టు 15న వెలువడిన గాంధీజీ పదిరూపాయల బిళ్ళ, హింజి గుర్తు పడని జిగురుతో, మచ్చలేక యుండుటకును, అదే బిళ్ళ జేబు ప్లాస్టికునకు కరచుకొని యుండుటకును గల ధరల భేదము ఏ వర్తకుడైనను నిమిషములో చెప్పును. దానికంటె పెద్ద నష్టము, ఒకడు ముప్పదియేండ్లు ఆకులపై వ్రాసికొన్న మాటలు బిళ్ళలతో పాటు ఊడిపోవుట. ముద్రిత ఆల్బములలో ఆ నష్టము లేదు. అక్కడ వ్రాసినదేమియు లేదు గనుక!

వ్యయక్రమము తలక్రిందులైనదనుట ఇందుకే. మొదట ఆమ్లము లేని మంచి ఆకులు, మంచి మౌంట్లు. పిదప ప్రమాణపు రంధ్రములు గల, తుప్పు పట్టని బైండరు. ఆ మీదట ఒర. చేతిలో నూరు రూపాయలున్నవాడు తొంబది అట్టపై పెట్టి, మిగిలిన పదితో దొరికిన ఆకులు కొనుచున్నాడు. అట్టి ఆల్బములో బిళ్ళను తాకునది ఆ పదిరూపాయల సరకే.

ఒర వచ్చిన తరువాతను పని మిగిలియుండును. వానకాలమున బైండర్లను ఒరల నుండి తీసి, బీరువా తలుపు తెరచి, పగలు కొంతసేపు విడిగా నిలిపియుంచుట మంచిది, ఎండలో గాదు. మాఘ ఫాల్గుణములలో గాలి పొడిగా నున్నప్పుడు ఆకులన్నియు ఒకమారు త్రిప్పి చూచుకొనవలెను. ఇనుప బీరువా వాననీరు ఇంకు వెలుపలి గోడను ఆనుకొని యుండరాదు. బైండు పనివానికి ఒర కొలత యిచ్చునప్పుడు నోటితో చెప్పుటకంటె బైండరునే చేతికిచ్చుట మేలు. బిళ్ళల ఆకులు మాత్రము ఇంటిలో నుంచుకొని, వాని బదులు అంత మందము వచ్చునట్లు పాత కాగితములు రింగులకు ఎక్కించి యిచ్చిన చాలును. పనివాని బల్లపై పేస్టు గిన్నె ఎప్పుడును మూతలేకనే యుండును.